నమూనా ఒకటే, ఎత్తు మాత్రం చోటును బట్టి: జర్మనీ కాంక్రీట్ టెలికాం టవర్ల రూపకల్పన

జర్మనీలో రహదారి వెంట కొన్ని గంటలు ప్రయాణించేవారికి ఒకే దృశ్యం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అడవి కప్పిన కొండ మీద, పైకి పోయేకొద్దీ సన్నబడే బూడిదరంగు కాంక్రీట్ స్తంభం. దాని పైభాగాన గుండ్రటి గది, ఆ గదికి దగ్గరలో రెయిలింగ్ కట్టిన వేదికలు, కొసన ఎరుపు తెలుపు పట్టీల యాంటెన్నా. కొన్ని పదుల కిలోమీటర్లు దాటాక మరో కొండ మీద దాదాపు అదే నిర్మాణం. ఎత్తులో తేడా ఉంటుంది, పోలిక మాత్రం తప్పదు. ఇది యాదృచ్ఛికం కాదు. పశ్చిమ జర్మనీలో తపాలా, టెలిఫోన్ వ్యవస్థలను నడిపిన డాయిచె బుండెస్‌పోస్ట్ ఈ టవర్లను రకాలుగా విభజించింది. ఒక్కో రకానికి ఎఫ్‌ఎంటీ (జర్మన్‌లో టెలికాం టవర్ అనే మాటకు పొట్టి రూపం) అనే అక్షరాల పక్కన ఒక సంఖ్య ఇచ్చి, ఒకే నమూనాను దేశంలో అనేక చోట్ల కట్టించింది.

బెర్లిన్, మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ టవర్లకు పర్యాటకుల వల్ల పేరొచ్చింది. కొండల మీది నమూనా టవర్లను ఎవరూ పనిగట్టుకుని చూడరు. కానీ ఒక నిర్మాణాన్ని పదే పదే కట్టాల్సి వచ్చినప్పుడు దేన్ని స్థిరంగా ఉంచాలి, దేన్ని వదిలిపెట్టాలి అనే ప్రశ్నకు ఇంజినీర్లు ఎంత శ్రద్ధగా జవాబు వెతికారో తెలియాలంటే చూడాల్సింది వీటినే.

మూలం మాత్రం పేరున్న టవర్‌లోనే ఉంది. స్టుట్‌గార్ట్‌లో జ్యూడ్‌డాయిచర్ రుండ్‌ఫుంక్ అనే ప్రసార సంస్థ తన టెలివిజన్ యాంటెన్నా కోసం తీగలతో బిగించిన ఉక్కు మాస్ట్ వేయాలనుకుంది. వంతెనల రూపకర్తగా అప్పటికే పేరున్న ఇంజినీర్ ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ దానికి బదులు కాంక్రీట్ గొట్టం కడదామన్నాడు. నగరం పైన కొండ మీద అందవిహీనమైన మాస్ట్ ఎందుకు, అదే చోట మనుషులు ఎక్కి చూడగలిగే టవర్ కట్టవచ్చు కదా అన్నది ఆయన వాదన. 1956 ఫిబ్రవరి 5న ఆ టవర్ ప్రారంభమైంది. ఎత్తు సుమారు 217 మీటర్లు. నిర్మాణానికి 42 లక్షల మార్కులు ఖర్చయితే, ప్రవేశ రుసుముల ద్వారానే అయిదేళ్లలో ఆ డబ్బు తిరిగొచ్చింది. డబ్బు కన్నా పెద్ద ఫలితం మరొకటుంది. అడుగున వెడల్పుగా మొదలై పైకి సన్నబడే బోలు కాంక్రీట్ గొట్టం, 27 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి పునాది మీద, ఏ తీగల సాయమూ లేకుండా గాలిని తట్టుకుని నిలుస్తుందని తేలింది. ఆ తర్వాత ప్రపంచమంతా లేచిన టెలివిజన్ టవర్లకు అదే పూర్వరూపం.

బుండెస్‌పోస్ట్ అవసరం వేరు. దానికి కావలసింది ఒక గొప్ప టవర్ కాదు, దేశాన్ని కప్పే వల. దూరప్రాంతాల టెలిఫోన్ కాల్స్‌ను ఆపరేటర్ లేకుండా నేరుగా డయల్ చేసే సౌకర్యం 1972 నాటికి పశ్చిమ జర్మనీ అంతటా పూర్తయింది. అంత రద్దీని మోయడానికి నేలలో కేబుళ్లతో పాటు, ఒక టవర్ నుంచి దానికి ఎదురుగా కనిపించే మరో టవర్‌కు రేడియో తరంగాలతో కాల్స్‌ను అందించే మైక్రోవేవ్ లింకులు కూడా కావాలి. అమెరికాలో 1951లోనే 107 స్టేషన్ల గొలుసుతో ఒక తీరం నుంచి మరో తీరానికి ఈ పద్ధతి నడిచింది. జర్మనీలో మరో కారణమూ తోడైంది. 1961లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు కేంద్ర ప్రభుత్వ టెలివిజన్ ప్రయత్నాన్ని అడ్డుకోవడంతో, రాష్ట్రాలన్నీ కలిసి జెడ్‌డీఎఫ్ అనే రెండో చానల్‌ను ఏర్పాటు చేశాయి. 1963 ఏప్రిల్ 1న అది మొదలైంది. మొదటి చానల్ ట్రాన్స్‌మిటర్లు చాలావరకు ప్రసార సంస్థల సొంతం. రెండో చానల్‌కు ట్రాన్స్‌మిటర్లను నడిపింది బుండెస్‌పోస్టే. పైగా అది యూహెచ్ఎఫ్ తరంగాల మీద వచ్చేది. కొండలు అడ్డొస్తే ఆగిపోయే తరంగాలవి. అందువల్ల ఒకే టవర్ మధ్యలో టెలిఫోన్ లింకులను, కొసన టెలివిజన్ యాంటెన్నాను మోయాల్సి వచ్చింది.

ఎంత ఎత్తు కావాలో భౌతికశాస్త్రమే చెబుతుంది. 50 కిలోమీటర్ల దూరంలో రెండు స్టేషన్లు ఉన్నాయనుకుందాం, మధ్యలో నేల చదునుగా ఉంది. వాతావరణం తరంగాన్ని కొద్దిగా కిందికి వంచుతుంది. ఆ వెసులుబాటును లెక్కలోకి తీసుకున్నా, భూమి వంపు వల్ల మధ్యలో నేల సుమారు 37 మీటర్లు పైకి లేచి అడ్డొస్తుంది. దాని మీద 25 మీటర్ల చెట్లు. అంతటితో ఆగదు. తరంగం గీత గీసినట్టు పోదు. దారి చుట్టూ ఫ్రెనెల్ మండలం అనే ఉబ్బెత్తు ప్రాంతం ఖాళీగా ఉండాలి. 4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద ఈ దూరానికి మధ్యలో ఆ మండలం వ్యాసార్ధం 30 మీటర్ల పైమాటే, అందులో కనీసం అరవై శాతం అడ్డు లేకుండా ఉండాలి. అంటే మరో 18 మీటర్లు. మొత్తం కలిపితే 80 మీటర్లు. కొండ ఉంటే ఇందులో కొంత ఉచితంగా దొరుకుతుంది, లోయ ఉంటే మరింత కట్టాలి. ఒక దేశంలో వందలాది లింకులకు ఈ లెక్క వేసి చూస్తే ఏ రెండు చోట్లా ఒకే ఎత్తు రాదు. ప్రామాణీకరణకు మొదటి అడ్డంకి ఇదే.

ఎత్తు ఒక్కటే సమస్య అయితే ఉక్కు కోణాలను బోల్టులతో బిగించిన జాలీ టవర్ చవకగా పని పూర్తిచేస్తుంది. చాలా దేశాలు అదే చేశాయి. కాంక్రీట్ వైపు మొగ్గు చూపడానికి బలమైన కారణం బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం. మూడు మీటర్ల వ్యాసమున్న పారాబోలిక్ (గిన్నె ఆకారపు) యాంటెన్నా నుంచి 4 గిగాహెర్ట్జ్ తరంగం టార్చిలైటు వెలుగులా సన్నటి కట్టగా బయలుదేరుతుంది. ఆ కట్ట వెడల్పు సుమారు 1.75 డిగ్రీలు. యాంటెన్నా 0.9 డిగ్రీ పక్కకు తిరిగితే చాలు, అవతలి స్టేషన్‌కు అందే శక్తి సగానికి పడిపోతుంది. ఆ లింకు మీద ఒకేసారి వేల సంభాషణలు సాగుతుంటాయి. కాబట్టి తుపాను గాలిలో టవర్ కూలకపోవడం ఒక్కటే చాలదు, దాని పైభాగం వంగే కోణం డిగ్రీలో చిన్న భాగానికి మించకూడదు. ఇళ్లు, వంతెనల రూపకల్పనలో మొదట బలాన్ని లెక్కించి, తర్వాత వంపును సరిచూస్తారు. ఇక్కడ మొదటి నుంచీ వంపే శాసిస్తుంది.

కాంక్రీట్ గొట్టం గాలిని ఎలా ఎదుర్కొంటుందో ఉజ్జాయింపు అంకెలతో చూడవచ్చు. ఇది ఏ ఒక్క టవర్ లెక్కా కాదు, ఊహించిన కొలతలు. ఎత్తు 100 మీటర్లు, అడుగున వ్యాసం 8 మీటర్లు, పైన 4, గోడ మందం 35 సెంటీమీటర్లు. స్తంభం బరువు 1,550 టన్నుల దాకా వస్తుంది. పైన గది, వేదికలు కలిపి మరో 400 టన్నులు. చదరపు మీటరుకు 100 కిలోల ఒత్తిడితో గాలి వీస్తే, గుండ్రటి ఆకారం వల్ల అందులో డెబ్బై శాతమే పనిచేస్తుందని తీసుకుంటే, స్తంభం మీద మొత్తం తోపు 42 టన్నులు, గది మీద మరో 8 టన్నులు. ఈ తోపు వల్ల అడుగున బరువు పడే బిందువు మధ్య నుంచి 1.3 మీటర్లు పక్కకు జరుగుతుంది. ఆ కొలతల వలయానికి ఈ జరుగుబాటు 1.8 మీటర్ల లోపు ఉన్నంతకాలం గోడలో ఎక్కడా సాగే ఒత్తిడి పుట్టదు, అన్ని వైపులా నొక్కుడే ఉంటుంది. నొక్కుడును తట్టుకోవడం కాంక్రీట్‌కు సహజగుణం. అంటే మామూలు పెనుగాలిని టవర్ తన సొంత బరువుతోనే మింగేస్తుంది. అంతకు మించిన ఈదురుగాలి దెబ్బలకు, భద్రతా గుణకాలకు నిలువు కడ్డీలు పనికొస్తాయి. పగుళ్లు రాకపోతే బిగువు తగ్గదు, బిగువు తగ్గకపోతే యాంటెన్నా చూపు చెదరదు. బరువును లోపంగా చూసే నిర్మాణశాస్త్రంలో బరువే ఆయుధమైన సందర్భం ఇది.

గాలితో మరో చిక్కుంది, అది తుపానులో రాదు. గుండ్రటి స్తంభాన్ని దాటే గాలి వెనకవైపు ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన సుడులను వదులుతుంది. ఆ సుడుల లయ టవర్ సహజ ఊపుతో కలిస్తే గాలికి అడ్డదిశలో ఊగుడు మొదలవుతుంది. 5 మీటర్ల వ్యాసం, సెకనుకు అర ఊపు ఉన్న స్తంభానికి ఆ లయ కలిసే గాలి వేగం గంటకు 45 కిలోమీటర్లు మాత్రమే. ఏడాదిలో ఎన్నో రోజులు వీచే గాలి అది. స్తంభం పైకి సన్నబడుతూ పోవడం ఇక్కడ మేలు చేస్తుంది. వ్యాసం మారేకొద్దీ సుడుల లయ మారుతుంది, కాబట్టి మొత్తం ఎత్తు ఒకే తాళంలో పడదు. వెల్డింగ్ చేసిన ఉక్కు గొట్టం కన్నా కాంక్రీట్ ఊపును త్వరగా అణచుకుంటుంది కూడా. ఎండ సంగతీ ఉంది. ఒకవైపు గోడ రెండోవైపు కన్నా 15 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే, 6 మీటర్ల వ్యాసమున్న 100 మీటర్ల స్తంభం కొస 12 సెంటీమీటర్ల మేర నీడవైపు వంగుతుంది. కోణంలో అది 0.15 డిగ్రీ లోపే, లింకుకు ముప్పు లేదు.

ఇక పైనున్న గది విషయం. యాంటెన్నాను రేడియో పరికరాలతో కలిపేది వేవ్‌గైడ్ అనే బోలు లోహపు గొట్టం. 4 గిగాహెర్ట్జ్ వద్ద అలాంటి గొట్టంలో 100 మీటర్లు ప్రయాణించేసరికి శక్తి దాదాపు సగం కరిగిపోతుంది. పరికరాలను కింద పెడితే పంపేటప్పుడూ అందుకునేటప్పుడూ ఈ నష్టం భరించాలి. జర్మనీ ఇంజినీర్లు పరికరాలనే పైకి ఎక్కించారు. యాంటెన్నాలకు కొద్ది మీటర్ల దూరంలో గది, అందులో ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్లు. ఆ నిర్ణయం నుంచే మిగతావన్నీ వరసగా వచ్చాయి. గదిని మోయాలంటే స్తంభం దృఢంగా ఉండాలి, సిబ్బంది వెళ్లాలంటే లోపల మెట్లు ఉండాలి, బరువైన పరికరాలు పోవాలంటే లిఫ్టు కావాలి. ఇవన్నీ వానకు తడవకుండా పట్టే బోలు స్తంభం కాంక్రీట్‌తో సులువుగా దొరుకుతుంది.

వేదికల గురించి మరికొంత చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రూపకల్పనలోని దూరదృష్టి అంతా అక్కడే ఉంది. స్తంభం చుట్టూ పూర్తి వలయంగా ముందుకు పొడుచుకొచ్చిన స్లాబులు అవి. ఏ దిక్కుకైనా యాంటెన్నా పెట్టవచ్చు. అయిదేళ్ల తర్వాత కొత్త ఊరికి లింకు కావాలంటే గోడకు రంధ్రాలు వేయనక్కర్లేదు, వేదిక అంచున ఆ దిక్కులో బిగిస్తే చాలు. ముందే ఏ దిశలో ఎన్ని లింకులు వస్తాయో తెలియని నెట్‌వర్క్‌కు ఇంతకన్నా మంచి జవాబు కష్టం. మనుషుల కోణం నుంచి చూస్తే విలువ ఇంకా ఎక్కువ. హార్ట్జ్ కొండల్లోనో, బ్లాక్ ఫారెస్ట్‌లోనో చలికాలంలో ఉక్కు జాలీ టవర్ మీద మంచు పేరుకుంటే, దాన్ని పట్టుకుని పైకి ఎక్కి బోల్టు బిగించడం ప్రాణాలతో చెలగాటం. ఇక్కడ సాంకేతిక నిపుణుడు లోపలి దారిలో పైకి వెళ్లి, తలుపు తీసుకుని, రెయిలింగ్ ఉన్న నేల మీద నిలబడి పనిచేస్తాడు. టెలిఫోన్ లింకు తెగితే రాత్రీ పగలూ చూడకుండా బాగుచేయాల్సిన సంస్థకు ఈ ఒక్క సౌకర్యమే అదనపు ఖర్చును సమర్థిస్తుంది.

ఇప్పుడు ప్రామాణీకరణ అసలు కిటుకు కనిపిస్తుంది. గది కొలతలు పరికరాల అరలను బట్టి వస్తాయి, ఆ అరలు దేశమంతా ఒకటే. వేదికల వెడల్పు యాంటెన్నాలను బట్టి వస్తుంది, అవీ అన్నిచోట్లా ఒకటే. లిఫ్టు, మెట్లు, కేబుల్ దారి, తలుపులు, రెయిలింగ్ వివరాలు మారనక్కర్లేదు. కాబట్టి పైభాగమంతా గీతలతో సహా స్థిరం. మారేవి కింది స్తంభం పొడవు, పునాది. ఒకే రకంలోని టవర్లు కూడా వేర్వేరు ఎత్తుల్లో కనిపించడానికి కారణం ఇదే. పైకి సన్నబడే స్తంభాన్ని పొడవుగా చేయాలంటే అదే వాలుతో కిందికి పొడిగించడమే. అడుగు దానంతటదే వెడల్పవుతుంది, పెరిగిన గాలి తోపును తట్టుకునే బలం దాంతోపాటే వస్తుంది. జ్యామితి, బలం ఒకే దిశలో నడిచిన ఈ పొంతన చాలా అందమైనది. ఘనాకారపు భవనాల్లో ఇలా జరగదు. పొడవు పెంచితే అడుగు నుంచి మళ్లీ రూపకల్పన చేయాలి.

నమూనాలో లేనిదేమిటో కూడా గమనించాలి. రెస్టారెంట్ లేదు, సందర్శకుల బాల్కనీ లేదు. హాంబుర్గ్‌లో 1968 నాటి 279 మీటర్ల టవర్, ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1979 నాటి 337.5 మీటర్ల టవర్ కూడా బుండెస్‌పోస్ట్ పనులే. కానీ అవి నగరాల ప్రతిష్ఠ కోసం విడిగా రూపొందించినవి. జనం ఎక్కే టవర్‌కు వేగమైన లిఫ్టులు, అగ్నిప్రమాదంలో బయటపడే దారులు, మరుగుదొడ్లు, వంటగదులు కావాలి. ఇరుకైన గొట్టంలో ఇవన్నీ ఇమడ్చడం ఎంత కష్టమో స్టుట్‌గార్ట్ టవర్ చరిత్రే చెబుతుంది. మంటలు చెలరేగితే తప్పించుకునే దారి సరిపోదన్న కారణంతో 2013లో దాన్ని మూసేసి, మార్పులు చేశాక 2016 జనవరిలో తెరిచారు. కొండ మీది టవర్‌లోకి అప్పుడప్పుడు శిక్షణ పొందిన కొద్దిమందే వెళతారు. జనాన్ని మినహాయించడం వల్లే నమూనా సరళంగా మిగిలింది.

డబ్బు మిగిలేది కాంక్రీట్‌లో కాదు, కాగితంలో. జర్మనీలో ప్రతి పెద్ద నిర్మాణం లెక్కలను రూపకర్తతో సంబంధంలేని మరో ఇంజినీర్ మొదటి నుంచి చివరి దాకా సరిచూడాలి. పదే పదే కట్టే వాటికి ఒకసారి సరిచూసిన లెక్కనే మళ్లీ వాడుకునే విధానం అక్కడి నిర్మాణ నియమాల్లో ఉంది. నేల స్వభావం, ఆ ప్రాంతపు గాలి తీవ్రత మాత్రం ప్రతిచోటా విడిగా చూడాలి. సున్నపురాయి మీద కట్టే పునాది వేరు, మెత్తటి బంకమట్టి మీద వేరు. కట్టేటప్పుడూ పునరావృతం కలిసొస్తుంది. ఇలాంటి స్తంభాలకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి, సెంట్రింగ్‌లో ఒక అంచె కాంక్రీట్ పోసి, గట్టిపడ్డాక సెంట్రింగ్‌ను విప్పి, పైకి ఎక్కించి మళ్లీ బిగించడం. రెండోది, సెంట్రింగ్‌ను జాకీలతో గంటకు కొన్ని సెంటీమీటర్ల నుంచి పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల దాకా నెమ్మదిగా జారుస్తూ రాత్రింబవళ్లు ఆపకుండా కాంక్రీట్ పోయడం. సన్నబడే స్తంభానికి జారుడు సెంట్రింగ్ వాడాలంటే దాని వ్యాసం క్రమంగా తగ్గే ఏర్పాటు కావాలి. అలాంటి పరికరం ఒక టవర్ కోసం చేయించుకుంటే దండగ, వరసగా కట్టేటప్పుడు లాభం. ఒక టవర్‌లో చేతులు తిరిగిన బృందం తర్వాతి టవర్‌ను తక్కువ తప్పులతో కడుతుంది. ఈ లాభం ఏ పట్టికలోనూ కనిపించదు కానీ అతి ముఖ్యమైనది.

బ్రిటన్ దారి వేరు. అణుయుద్ధం వస్తే పెద్ద నగరాలు దెబ్బతిన్నా టెలిఫోన్ నడవాలన్న ఉద్దేశంతో 1950ల మధ్యలో అక్కడి జనరల్ పోస్టాఫీసు బ్యాక్‌బోన్ పేరుతో నగరాలకు దూరంగా పోయే మైక్రోవేవ్ గొలుసును తలపెట్టింది. అందులో ఎక్కువ టవర్లు ఉక్కువే. చిల్టర్న్స్ అనే పేరున్న కాంక్రీట్ నమూనాను కొద్దిచోట్ల మాత్రమే వాడారు. స్టోకెన్‌చర్చ్, బ్రిస్టల్ దగ్గరి పర్డౌన్, మాంచెస్టర్‌లోని హీటన్ పార్క్ టవర్లు ఆ కోవలోవి. పర్డౌన్ ఎత్తు 70 మీటర్లు, హీటన్ పార్క్ 72 మీటర్ల పైన. దేశం మొత్తానికి కాంక్రీట్‌ను నియమంగా ఎంచుకోకుండా కొన్ని చోట్లకే పరిమితం చేయడం వల్ల పొదుపు అయి ఉండవచ్చు. కానీ వరసగా కట్టడంలో వచ్చే నేర్పు, ఉమ్మడి విడిభాగాలు, ఒకే రకమైన మరమ్మతు అనుభవం జర్మనీకి దక్కినంతగా దక్కలేదు.

మన దేశంలో తపాలా తంతి శాఖ, తర్వాత టెలికాం శాఖ మైక్రోవేవ్ లింకులకు ఉక్కు జాలీ టవర్లనే ఎంచుకున్నాయి. తెలుగు రాష్ట్రాల్లోని పట్టణాల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీ పక్కన కనిపించే ఎరుపు తెలుపు టవర్లు అవే. భాగాలను ఫ్యాక్టరీలో చేసి లారీలో తెచ్చి బిగించే పద్ధతి విశాలమైన దేశానికి అనువైనది. మంచు బెడద లేని చోట కాంక్రీట్ వేదికల అవసరమూ తక్కువే. అయితే గాలి విషయంలో మన లెక్క కఠినం. నిర్మాణాల మీది భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం హైదరాబాద్‌కు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50. ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఈ ఆరు మీటర్ల తేడాకే తోపు దాదాపు ముప్ఫై శాతం ఎక్కువవుతుంది. ఒకే నమూనా రెండు ఊళ్లకూ పనికిరాదని ఆ అంకె ఒక్కటే చెబుతుంది. కాంక్రీట్ మనకు కొత్తది కాదు. ఢిల్లీలోని పీతంపుర టవర్ 235 మీటర్లు, రామేశ్వరం టవర్ 323 మీటర్లు. అవి ఒక్కొక్కటిగా, టెలివిజన్ కోసం కట్టినవి.

నమూనా టవర్లకు లోపాలూ ఉన్నాయి. ఒక నమూనాలో దొర్లిన తప్పు ఆ రకం టవర్లన్నింటిలోనూ ఉంటుంది. ఆ కాలపు కాంక్రీట్‌లో కడ్డీల మీది కవరింగ్ ఇప్పటి ప్రమాణాల కన్నా పలచన. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి, కడ్డీకి రక్షణగా ఉన్న క్షారగుణాన్ని చంపేస్తుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి పెచ్చులు ఊడుతాయి. ఇంట్లో పెచ్చు ఊడితే చీపురుతో ఎత్తేస్తారు, 90 మీటర్ల ఎత్తు నుంచి ఊడితే కింద మనిషి ప్రాణం పోతుంది. వేదికల అంచులు, వాన నీరు కారే చోట్లు ముందు దెబ్బతింటాయి. ఒకచోట కనిపెట్టిన మరమ్మతు మిగతా చోట్లా పనికొస్తుందన్నది ఇందులోని ఊరట.

1980ల చివరి నుంచి ఫైబర్ కేబుళ్లు వచ్చి మైక్రోవేవ్ గొలుసుల పనిని లాగేసుకున్నాయి. బుండెస్‌పోస్ట్ విడిపోయింది, 1995లో డాయిచె టెలికాం జాయింట్ స్టాక్ కంపెనీగా మారింది. టవర్లు 2002లో ఏర్పడిన డాయిచె ఫుంక్‌టుర్మ్ సంస్థ చేతికి వెళ్లాయి. 2022లో ఆ వ్యాపారంలో 51 శాతం వాటాను బ్రూక్‌ఫీల్డ్, డిజిటల్‌బ్రిడ్జ్ సంస్థలకు అమ్మే ఒప్పందం కుదిరినప్పుడు మొత్తం విలువను 1,750 కోట్ల యూరోలుగా కట్టారు. ఆ ఆస్తిలో అధిక భాగం మామూలు సెల్ టవర్లు, పైకప్పు స్థలాలే. కొండల మీది కాంక్రీట్ స్తంభాలు అందులో చిన్న భాగం. వాటి మీద ఇప్పుడు ఎఫ్ఎం, డిజిటల్ టెలివిజన్, మొబైల్, ప్రైవేటు లింకుల యాంటెన్నాలు ఉన్నాయి. మొబైల్ నెట్‌వర్క్‌కు నగరంలో ఇంత ఎత్తు పనికిరాదు. సిగ్నల్ అవసరానికి మించిన దూరం పోయి పక్క టవర్ పరిధిలోని (సెల్‌లోని) సిగ్నల్‌తో కలబడుతుంది. గ్రామీణ ప్రాంతంలో మాత్రం ఒక్క టవరే చాలా ఊళ్లకు సరిపోతుంది. మనుషులు నిలబడేంత పెద్ద పాత హార్న్ (బూర ఆకారపు), పారాబోలిక్ యాంటెన్నాలను దించేసిన చోట వేదికల మీద బరువు, గాలి తోపు రెండూ తగ్గాయి. స్తంభాన్ని మాత్రం ఆ పాత బరువుకే కట్టారు. అందువల్ల కొత్త యాంటెన్నాల కోసం అడిగినప్పుడు బలం చాలదనే జవాబు ఈ టవర్ల నుంచి అరుదుగా వస్తుంది.